లావా నేల నుంచి మల్లెలతీర్థం దాకా: పాలమూరు, నల్లమల, సాగర్ కారు ప్రయాణం ఎలా చేయాలి

తొలకరి పడిందంటే చాలు, ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో నా దగ్గరికి వస్తుంది: "అగ్నిపర్వతాల నేల చూడాలంటే దేశం దాటాల్సిందేనా? మన పాలమూరు, నల్లగొండ వైపు లావా రాళ్లు, జలపాతాలు ఒకే ప్రయాణంలో చూడలేమా?" చూడగలం. మూడు రోజుల సమయం, నమ్మకమైన కారు, కొంచెం ముందుచూపు ఉంటే సరిపోతుంది.

బయలుదేరే ముందే ఒక మాట తెలుసుకోండి. ఈ దారిలో లావా ఉన్న చోట పెద్ద జలపాతం లేదు, పెద్ద జలపాతం ఉన్న చోట లావా లేదు. కొడంగల్ చుట్టుపక్కల నేల లావా గడ్డకట్టి ఏర్పడింది. నల్లమలలో నీళ్లు దూకేది వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక పొరలు గట్టిపడి రాయిగా మారిన కొండల మీద నుంచి. అందుకే పడమట మొదలుపెట్టి తూర్పున ముగించేలా దారి వేసుకోవాలి. ఇక మీ సమయాన్ని నిర్ణయించేవి రెండే: వాన, నల్లమల అడవిలోకి దారి ఇచ్చే మన్ననూరు అటవీ గేటు. మిగతావన్నీ వాటి చుట్టూ సర్దుకోవలసినవే.

ఎప్పుడు వెళ్లాలి

సెప్టెంబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు అన్నిటికంటే మంచి కాలం. అప్పటికి వాగులు ఇంకా పారుతుంటాయి, మెట్ల మీద జారుడు కొంత తగ్గుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ నిలిపివేస్తారు కాబట్టి, ఫరహాబాద్ సఫారీ కూడా కావాలనుకునేవారు అక్టోబరు దాకా ఆగడం మేలు. మార్చి తర్వాత జలపాతాల కోసం వెళ్లకండి. మల్లెలతీర్థం దగ్గర తడిసిన రాయి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. నల్లమల లోయలోని సలేశ్వరం క్షేత్రం సంగతి వేరు. అక్కడికి ఏటా చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే అనుమతిస్తారు. దాన్ని ఈ ప్రయాణంలో కలపాలని చూడకండి.

ఏమేమి కావాలి

- మంచి పట్టున్న టైర్లు, గాలి నింపిన స్టెప్నీ, జాకీ. కారు ఎత్తైనది కానక్కరలేదు. మామూలు కారు చాలు.
- ముందే ఫోనులో దించుకున్న మ్యాపు. అడవిలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. దారిలో ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.
- అడుగున గాడులు బాగా ఉన్న బూట్లు. రబ్బరు చెప్పులతో మల్లెలతీర్థం మెట్లు దిగకండి.
- స్టీలు నీళ్ల సీసాలు, స్టీలు డబ్బాలో తిండి. అమ్రాబాద్ అడవిలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పెరుగన్నం కట్టుకుంటే అడవిలో అంగళ్ల కోసం వెతుక్కోనక్కరలేదు.
- చిన్న అయస్కాంతం, ఒక దారం, వీలైతే భూతద్దం. ఇవి రాళ్లను గుర్తుపట్టడానికి.
- గుర్తింపు కార్డు, చిల్లర నగదు.
- వాన కోటు, టార్చిలైటు, కట్టు గుడ్డ, క్రిమినాశక మందు.

దారి, దశల వారీగా

1. ముందుగా వాన లెక్క చూసుకోండి. బయలుదేరడానికి రెండు రోజుల ముందు అమ్రాబాద్, పదర, అచ్చంపేట మండలాల్లో గడిచిన వారం ఎంత వాన పడిందో చూడండి. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంఘం మండలాల వారీగా వర్షపాతం వివరాలు ఇస్తుంది. హైదరాబాద్‌లో కుండపోత కురిసిందని మల్లెలతీర్థంలో నీళ్లు ఉంటాయని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నల్లమల వాన నల్లమలదే. భారీ వర్ష హెచ్చరిక ఉన్న రోజున మాత్రం వెళ్లకండి. వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో అయితే నీళ్లు ఉంటాయి, ఉద్ధృతి తగ్గుతుంది.

2. మొదటి రోజు ఉదయం కొడంగల్ చేరండి. హైదరాబాద్ నుంచి వచ్చేవారు చేవెళ్ల, పరిగి మీదుగా రావచ్చు. మహబూబ్‌నగర్ వాసులు కోస్గి మీదుగా వెళ్లవచ్చు. 2016లో జిల్లాలు విడిపోయే దాకా కొడంగల్ పాలమూరులోనే ఉండేది.

ఇక్కడ శిఖరం, ముఖద్వారం ఉన్న అగ్నిపర్వతం కోసం చూడకండి. అలాంటిది లేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా భూమి పగుళ్లలో నుంచి పొర్లి, పొర మీద పొరగా పరచుకుంది. ఆ మహా ప్రవాహాల తూర్పు అంచుల్లో ఒకటి ఈ ప్రాంతం. కాబట్టి చూడవలసినవి చదునైన మిట్టలు, నల్లరేగడి చేలు, రోడ్డు కోసిన చోట బయటపడిన పొరలు. పక్కనే ఉన్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. రేగడి నేల బలం ఎంతటిదో ఆ పంటే చెబుతుంది. కందిపప్పు ఒక కిలో కొని కారులో వేసుకోండి.

3. రాయిని దగ్గరగా చూడండి. రోడ్డు పక్కన కారు భద్రంగా ఆపి, కోత పెట్టిన గట్టు దగ్గరికి నడవండి. పై పొరల్లో రాయి ఉల్లిగడ్డ పొరల్లా గుండ్రంగా ఊడిపోతుంటుంది, లోపల గట్టి గుండు మిగులుతుంది. పగిలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. నలుపు కలిసిన బూడిద రంగు, కంటికి ఆనని సన్నని రవ్వ, అంచున తుప్పు రంగు పొర. కొన్ని ముక్కల్లో పెసరగింజంత రంధ్రాలు కనిపిస్తాయి. లావాలో చిక్కుకున్న వాయువు బుడగలు ఉన్న చోట్లు అవే. కొన్నింటిలో తెల్లని ఖనిజం నిండి ఉంటుంది. ఒక్క ముక్కను పది నిమిషాలు తిప్పి తిప్పి చూడండి. పది చోట్ల కారు దిగి ఫొటోలు తీసుకోవడం కంటే అదే ఎక్కువ నేర్పుతుంది.

జాగ్రత్త: క్వారీ గుంతల్లోకి దిగకండి. వానాకాలంలో వాటిలో లోతు తెలియదు, పనిచేస్తున్న క్వారీల్లో పేలుళ్లు జరుగుతాయి. చేలోకి అడుగుపెట్టే ముందు రైతును అడగండి. "రాయి చూసి వెళ్తాం, ఏమీ తీసుకుపోం" అంటే కాదనేవారు తక్కువ. రేగడి తడిగా ఉంటే కారును తారు రోడ్డు దింపకండి. చక్రాలు కూరుకుపోతే ట్రాక్టరు వచ్చే దాకా కదలదు.

4. సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరి అక్కడే బస చేయండి. దారి పొడవునా నేల రంగు మారడం గమనించండి. రేగడి పోయి ఎర్ర చెల్క వస్తుంది. గుండు మీద గుండు నిలిచిన గుట్టలు మొదలవుతాయి. అది గ్రానైట్, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ గ్రానైట్‌ను చీల్చుకుంటూ అక్కడక్కడ నల్ల గుండ్ల వరుస ఒకటి గీత గీసినట్టు సాగిపోతుంటుంది. అది డోలరైట్. భూమి పైకి రాకుండా పగుళ్లలోనే చల్లబడిన శిలాద్రవం. అదీ నిప్పులో పుట్టిన రాయే, కానీ కొడంగల్ లావా కంటే వందల కోట్ల సంవత్సరాలు పాతది.

నారాయణపేట వైపు వజ్రాల రాయి చూడవచ్చా అని చాలామంది అడుగుతారు. నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతాల్లో కింబర్లైట్ ఉన్న మాట నిజం. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో ఎంతో లోతు నుంచి ఎగదన్నుకొచ్చిన అగ్నిశిల అది. కానీ పైభాగం మెత్తబడి మట్టిలో కలిసిపోయి ఉంటుంది, మామూలు కంటికి పచ్చని చేను తప్ప ఏమీ కనిపించదు. వజ్రాల ఆశతో రైతుల పొలాలు తొక్కకండి. నారాయణపేట వెళ్లాలనిపిస్తే చేనేత చీరల కోసం వెళ్లండి.

5. రెండో రోజు తెల్లవారుజామునే కదలండి. ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట చేరండి. ఐదున్నరకు బయలుదేరితే టిఫిన్ వేళకు అచ్చంపేటలో ఉంటారు. ట్యాంకు అక్కడే నింపేయండి. అడవిలో బంకు దొరుకుతుందని లెక్కవేసుకోకండి. కొడంగల్ రోజును వదిలేసి హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చేవారు ఆమనగల్లు, డిండి మీదుగా శ్రీశైలం రహదారిలో హాజీపూర్ చేరవచ్చు.

6. ఉమామహేశ్వరంలో కాసేపు ఆగండి. అచ్చంపేట దాటాక రంగాపూర్ దగ్గర నుంచి కొండపైకి దారి ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పూజలందుకునే క్షేత్రం ఇది. గుడిని ఆనుకుని బయటికి చొచ్చుకొచ్చిన బండ కింద నిలబడితే పైనుంచి చుక్కలు పడుతుంటాయి. ఆ బండను చూడండి. గ్రానైట్ గుండు కాదు, అడ్డంగా పొరలు పొరలుగా ఉన్న రాయి. మైదానంలోని గ్రానైట్‌ను వదిలి నల్లమల పీఠభూమి అంచుకు చేరారన్న మాట. పైన కురిసిన వాన పగుళ్లలోకి దిగి, ఇలా బండ అంచున బయటికి వస్తుంది. ఇక్కడ నీటి ధార బాగుంటే ముందు వాగుల్లోనూ నీళ్లు ఉండే అవకాశం ఎక్కువ. కోతులు ఎక్కువ. చేతిలో తినేవి పట్టుకుని కారు దిగకండి.

7. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రెండు ప్రశ్నలు అడగండి. మల్లెలతీర్థం ఈ రోజు తెరిచి ఉందా? నీళ్లు ఎలా ఉన్నాయి? అక్కడి సిబ్బంది చెప్పిందే ఖాయం. పాత వీడియోలు చూసి వాళ్లతో వాదించకండి. రుసుము కడితే రసీదు దగ్గర ఉంచుకోండి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ అడవి దారిలో వాహనాలను అనుమతించరు. బోర్డు మీద ఉన్న వేగం దాటకండి, హారన్ కొట్టకండి, అడవి మధ్యలో కారు దిగకండి. జింక ఒకటి రోడ్డు దాటితే వెనుక ఇంకొకటి ఉందనే అనుకుని ఆగండి. కోతులకు బిస్కెట్లు వేయడం దయ కాదు. తిండి కోసం అవి రోడ్డు మీదికి రావడం మరుగుతాయి, చక్రాల కింద పడతాయి. ఇది మీ పిల్లలకు ముందే చెప్పండి.

8. పదకొండు గంటల లోపు మల్లెలతీర్థం చేరండి. వటవర్లపల్లి దగ్గర ప్రధాన రహదారి వదిలి సుమారు 8 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. కారు ఆపిన చోటి నుంచి దాదాపు 350 మెట్లు దిగాలి. దిగడానికి ఇరవై నిమిషాలు, ఎక్కడానికి కనీసం నలభై నిమిషాలు పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని "కొంచెమే కదా" అని దింపకండి. ఎక్కడమే కష్టం. వారి కోసం ఉమామహేశ్వరం, మూడో రోజు చూసే ఎత్తిపోతల జలపాతం ఉన్నాయి.

కిందికి చేరాక వెంటనే నీళ్లలోకి పరుగెత్తకుండా, కాసేపు నిలబడి రాతిగోడను చూడండి. ధార ఒక్క ఊపున పడదు. పలకల అంచులు తాకుతూ చీలుతుంది, మళ్లీ కలుస్తుంది, నాచు పట్టిన చోట తెరలా జారుతుంది. పలకల మధ్య నిలువు పగుళ్లలో నీళ్లు చేరి, దిమ్మలు ఒక్కొక్కటే విడిపోయి పడటం వల్ల గోడ మెట్లు మెట్లుగా మారింది. కింద పడి ఉన్న పెద్ద దిమ్మలు అలా రాలినవే. అందుకే ధార కింద తల పెట్టి నిలబడటం మంచిది కాదు. పైనుంచి చిన్న రాయి పడినా ప్రమాదమే. సిబ్బంది అనుమతించిన చోటే, మోకాలి లోతు దాటకుండా కాళ్లు తడుపుకోండి. ఈత వచ్చినవారూ మడుగులోకి దూకకండి. అడుగున బండలు ఉంటాయి.

ఒక్క గుర్తు మాత్రం ఇంటిల్లిపాదికీ నేర్పండి. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, చప్పుడు ఒక్కసారిగా పెరిగినా సామాను వదిలేసి మెట్ల వైపు నడవండి. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కురిసి ఉండవచ్చు.

9. చీకటి పడక ముందే దోమలపెంట దాటండి. మల్లెలతీర్థం నుంచి మధ్యాహ్నం రెండు గంటలకల్లా పైకి వస్తే, సఫారీ నడిచే కాలంలో ఫరహాబాద్ చూడటానికి సమయం ఉంటుంది. అది మన్ననూరు వైపు ఉంది కాబట్టి కొంత వెనక్కి రావాలి. సమయం చాలదనిపిస్తే ఫరహాబాద్ వదిలేయండి, గేటు వేళతో పందెం వేయకండి. ఈగలపెంట దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండండి. బ్రేకు మీదే భారం వేస్తే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. రాత్రి బస శ్రీశైలంలో. పండుగలు, శివరాత్రి, కార్తీక సోమవారాల్లో అయితే గది ముందే ఖాయం చేసుకోండి.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, గేట్లు 12. మట్టం దానికి చేరువలో ఉండి పైనుంచి లక్షల క్యూసెక్కులు వస్తుంటే గేట్లు ఎత్తే అవకాశం ఉంటుంది. ఈ అంకెలు రోజూ పత్రికల్లో వస్తాయి. గేట్లు ఎత్తిన ఆదివారం మాత్రం డ్యామ్ దారిలో గంటల తరబడి వాహనాలు నిలిచిపోతాయి. ఆ దృశ్యం వారం మధ్యలో చూడండి.

10. మూడో రోజు సాగర్, ఎత్తిపోతల. రెండు దారులు ఉన్నాయి. ఉదయం ఆరు తర్వాత అదే అడవి దారిలో వెనక్కి వచ్చి డిండి, దేవరకొండ, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా సాగర్ చేరడం ఒకటి. శ్రీశైలం నుంచి దోర్నాల, ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా వెళ్లడం రెండోది. రెండో దారిలో ఎత్తిపోతల ముందు వస్తుంది, సాగర్ తర్వాత వస్తుంది. కొత్త అడవి చూడాలనుకునేవారికి రెండోది, దేవరకొండ కోట చూడాలనుకునేవారికి మొదటిది నా సలహా.

ఎత్తిపోతల సాగర్ ఆనకట్ట నుంచి సుమారు 11 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ వైపు. నల్లగొండ జిల్లా వైపు నుంచి వచ్చేవారు ఆనకట్ట మీద నుంచి కాదు, దిగువన ఉన్న వంతెన మీదుగా నది దాటాలి. చంద్రవంక వాగు ఇక్కడ దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. కుడి కాలువ నీళ్లు తోడవడం వల్ల వానలు వెనుకబడిన ఏడాది కూడా ఇక్కడ కొంత ధార ఉంటుంది. మల్లెలతీర్థంలో నిరాశ పడినవారికి ఇది ఊరట. ఇక్కడ మొసళ్ల సంరక్షణ కేంద్రం ఉంది, మడుగులోనూ మొసళ్లు ఉంటాయి. కంచె దాటి నీళ్ల దగ్గరికి దిగకండి. పై నుంచి చూసే చోటే ఇక్కడ అన్నిటికంటే మంచి చోటు.

సాగర్‌లో ఆనకట్టను కూడా రాళ్ల కంటితో చూడండి. 124 మీటర్ల ఎత్తున రాతి కట్టడంతో నిలిపిన ఆనకట్ట అది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కూలీలు తలల మీద మోసిన రాయి, సిమెంటు కలిసి నిలిచిన గోడ.

చూసింది లావాయేనా? ఇలా సరిచూసుకోండి

- నల్లగా కనిపించిన ప్రతి బండా లావా కాదు. గ్రానైట్ మీద నాచు ఎండి నల్లని పొర కడుతుంది. పెచ్చు ఊడిన చోట చూడండి. లోపల గులాబీ రంగో, తెలుపు బూడిద చుక్కలో ఉంటే అది గ్రానైట్.
- అయస్కాంతాన్ని దారానికి కట్టి తాజాగా పగిలిన నల్లరాయి దగ్గర వేలాడదీయండి. లావా రాయి, డోలరైట్ రెండూ దాన్ని కొంచెం లాగుతాయి. గ్రానైట్ దగ్గర ఆ కదలిక సాధారణంగా ఉండదు.
- లావానా, డోలరైటా అని తేల్చడానికి రవ్వ చూడండి. భూతద్దంలో రవ్వలు విడివిడిగా కనిపిస్తూ, చుట్టూ గ్రానైట్ ఉండి, గుండ్లు ఒకే వరుసలో సాగితే డోలరైట్. రవ్వ ఆనకుండా, చుట్టూ రేగడి ఉండి, మిట్ట పైభాగం చదునుగా ఉంటే లావా.
- రంధ్రాలున్న ఎర్రరాయిని లావా అనుకోకండి. అది లాటరైట్. లావా రాయే యుగాల తరబడి వానకు, ఎండకు మారి అలా అయి ఉండవచ్చు, కానీ ఆ రంధ్రాలు వాయువు బుడగలవి కావు.
- నల్లమలలో ఏ రాయి తీసినా లావా అని చెప్పకండి. ఇసుక రవ్వలు అతుక్కున్న గట్టి పలకలవి.

సమయం తక్కువ ఉన్నవారికి

ఒక్క రోజే ఉంటే ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం చూసి, ఐదు గంటలకల్లా మన్ననూరు గేటు దాటి వెనక్కి వచ్చేయండి. రెండు రోజులుంటే కొడంగల్ కలపండి, శ్రీశైలం, సాగర్ వదిలేయండి. చిన్నపిల్లలు, పెద్దవారు ఎక్కువగా ఉన్న కుటుంబం అయితే దేవరకొండ, సాగర్, ఎత్తిపోతల చాలు. మెట్లు తక్కువ, తిండి దొరుకుతుంది, ఎక్కడ అలసినా ఆగవచ్చు. ఏ దారి ఎంచుకున్నా ఇంట్లో ఒకరికి మీ రోజువారీ దారి రాసి ఇచ్చి వెళ్లండి. అడవిలోకి వెళ్లే ముందు మన్ననూరులో ఒకసారి, బయటికి రాగానే మరోసారి ఫోను చేయండి. ప్రమాదం జరిగితే 108 లేదా 112. సిగ్నల్ లేకపోతే వెతుక్కుంటూ అడవిలోకి నడవకండి. రోడ్డు మీదే ఉండి, వచ్చే ఆర్టీసీ బస్సును ఆపండి. శ్రీశైలం దారిలో పగలంతా బస్సులు తిరుగుతూనే ఉంటాయి.